చెప్పు వారు దిగినచోట

పోయినవారం గౌతమిని ఇంటి మెట్ల మీద, అత్తగారి పాదం చేతిలో పట్టుకుని ఉండగా వదిలేసి వచ్చాం. అక్కడిదాకా ఎలా వచ్చిందో ఒకసారి గుర్తుచేసుకుని ముందుకు వెళ్దాం.

గౌతమి పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్ అంచున డాలీగంజ్‌లో, స్టేషనరీ కొట్టు నడిపే ఇంట్లో. పెళ్లయ్యాక అదే పేటలో నాలుగు గుమ్మాల అవతల కాళమ్మ ఇంటికి కోడలిగా వచ్చింది. కాళమ్మ రోజూ జంగ్లీఘాట్ జెట్టీలో బోట్ల దగ్గర చేపలు వేలం పాడి కొని, మార్కెట్లో తన సొంత బల్ల మీద అమ్ముతుంది. భర్త పోయాక ఉద్దానం తీరంలోని ఊరు విడిచి, ఒక్కగానొక్క కొడుకుని వెంటబెట్టుకుని ఓడెక్కి వచ్చిన మనిషి. ఆ కొడుకే గౌతమి భర్త చిరంజీవి. ఫిషింగ్ బోటులో ఇంజన్ డ్రైవరు.

చేపల పని కోడలు ముట్టుకోనక్కర్లేదని పెళ్లి మాటలప్పుడే చెప్పిన కాళమ్మ, ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి మాట మార్చింది. తెల్లవారుతుండగా కోడల్ని లేపి జెట్టీకి లాక్కుపోతోంది. ఏ చేప మొప్ప ఎలా ఉండాలో చూడమంటోంది. ఏ బోటు వాళ్లు మంచు ఎక్కువ వేస్తారో, ఎవరు తూకంలో చెయ్యి పెడతారో చెబుతోంది. గౌతమికి ఇదంతా శిక్షలా ఉంది. తను చేసిన తప్పేమిటో తెలియక లోలోపల కుమిలిపోతోంది.

ఆ మధ్యాహ్నం మార్కెట్ నుంచి తిరిగొచ్చి కాళమ్మ మెట్ల మీద కూలబడి చెప్పులు విప్పబోయింది. ఎడమ చెప్పు రాలేదు. గౌతమి వంగి వారు విప్పితే, ఆ వారు ఉన్నచోట పాదం మీద లోతుగా గాడి పడి ఉంది. చీలమండ ఎముక కనిపించడం లేదు. రెండో కాలూ అంతే. గౌతమి వేలితో నొక్కితే అక్కడ సొట్ట పడింది. వేలు తీసినా సొట్ట పోలేదు.

అక్కడ ఆపాం. ఇప్పుడు చూడండి.

కాళమ్మ పాదం లాక్కుని చీర కిందికి దింపేసింది.

"ఎన్నాళ్ల నుంచి అత్తా ఇది?"

"బల్ల కాడ నిలబడి నిలబడి నీరు దిగినాది. రాత్రి పడుకుంటే పోద్ది. పొద్దున్నకి ఉండదు."

"నొప్పి?"

"నొప్పి నేదు. నొప్పే ఉంటే నాకే తెల్సును కదేటి."

ఆ మాట అన్నాక కాళమ్మ ముఖం తిప్పుకుంది. నొప్పి లేదని చెప్పేటప్పుడు మనుషులకు ఉండే తేలిక ఆమె గొంతులో లేదు. గౌతమి అది గమనించింది.

పక్కింటి కామమ్మ గోడ మీంచి చూస్తూనే ఉంది. ఆవిడకి ఏదీ ఆగదు. వచ్చేసి గౌతమి పక్కన కూర్చుని, కాళమ్మ కాలు చూపించమని పట్టుబట్టి, చూసి, తనకు తెలిసినవన్నీ చెప్పింది. ఉప్పుచేప ఎక్కువ తింటే ఇలాగే అవుతుందట. తన మరిదికి బోదకాలు ఇలాగే మొదలైందట. అయితే అతనికి ఒక్క కాలే. కార్ నికోబార్‌లో పనిచేసే అల్లుడి తల్లికి గుండె నీరసించి కాళ్లు వాచాయట, మెట్లెక్కితే ఆయాసపడేదట. ఇంకెవరికో లివరట, అతను తాగేవాడట.

"నీకు ఆయాసం ఉందా కాళమ్మా?"

"నువ్వు మాటాడతంటే నాకు ఆయాసమొస్తంది," అంది కాళమ్మ. కామమ్మ నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

గౌతమి నవ్వలేదు. కామమ్మ అన్ని జబ్బుల పేర్లూ ఎత్తింది గానీ ఒక్కటి మాత్రం ఎత్తలేదు. ఉద్దానం నుంచి వచ్చిన వాళ్ల ఇళ్లల్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. చిరంజీవి కూడా తండ్రి గురించి "సుస్తీ చేసి పోయాడు" అని మాత్రమే అనేవాడు. ఆ సుస్తీ ఏమిటో గౌతమికి పెళ్లయిన ఏడాదికి గానీ తెలియలేదు, అదీ ఎవరో చుట్టాలు మాట్లాడుకుంటుండగా విని.

"మామయ్యకి కూడా కాళ్లే వాచాయా అత్తా?"

 కింద రోడ్డు మీద బస్సు గేరు మార్చుకుంటూ ఎత్తు ఎక్కుతోంది. కాళమ్మ అది పోయేదాకా ఆగింది.

"వాసినాయి. ఇలాగే. మీ మావకీ నొప్పి నేదు. నెప్పెడితే ముందే ఎల్లేవోలమేమో. తెప్ప మీద ఎల్లొచ్చి, 'ఏటే, కాలు పట్టీసినట్టుంది' అనీవోడు. ఉప్పునీటిలో నానినాయి అనుకున్నాం. కొన్నాళ్లకి మొహం ఉబ్బినాది. అన్నం సయించలేదు. ఇశాపట్నం తీసుకెళ్తే కిడ్నీలు రెండూ పోనాయన్నారు. ఎప్పుడు పోనాయి అనడిగితే, 'ఎప్పుడో పోనాయి, మీకు తెలవనేదు' అన్నారు. మా తమ్ముడూ అంతే. ఎదురింటోలూ అంతే. మా ఈదిలో మగోలు తక్కువమ్మీ. నీళ్లన్నారు, మందులన్నారు, ఎండన్నారు. ఎందుకో ఇప్పటికీ ఎవులూ తేల్చలేదు."

 గౌతమికి అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఇన్ని నెలలుగా ఆ జెట్టీ, మొప్పలు, మంచు, తూకం.

"అందుకా నన్ను రోజూ తీసుకెళ్తున్నావు?"

కాళమ్మ తల వంచుకుని చెప్పు వారు సరిచేసింది. సరిచేయడానికి అందులో ఏమీ లేదు.

"చెప్పు అత్తా. అందుకేనా?"

"సిరంజీవికి సముద్రం తప్ప ఏటి తెల్సు? ఆడు వారం ఇక్కడుంటే రెండు వారాలు నీటి మీద. ఆ బల్ల నా రెక్కల కష్టంతో తెచ్చుకున్నది. నాను పోతే దానికి ఎవులు? నీకు రావాల. కొట్లో పుట్టినదానివి, లెక్క వచ్చు, ఇందీ వచ్చు, నలుగురితో మాటాడగలవు. నీకు సేప ఒక్కటే రాదు. అది నేర్పితే సాలు. నువ్వు తిట్టుకుంటన్నావని తెల్సు. తిట్టుకుంటే తిట్టుకున్నావు, నేర్సుకున్నావు కదా."

గౌతమి లేచి లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో నిలబడి ఏడ్చింది. ఇన్నాళ్లూ తను అత్తగారిని తిట్టుకున్నందుకు కాదు ఆ ఏడుపు. ఒక మనిషి తనకు చావు వచ్చిందనుకుని, ఎవరికీ చెప్పకుండా, రోజూ తెల్లవారుజామున లేచి తన తర్వాత ఇల్లు ఎలా నడవాలో సర్దుకుంటూ వస్తే, పక్కనే ఉన్న గౌతమికి అది కనిపించలేదు. ఆ మనిషి ఆ వాచిన కాళ్లతోనే జెట్టీ మెట్లు దిగింది. బుట్ట ఎత్తింది. ఒక్కరోజు కూడా కూర్చుంటానని అనలేదు.

కళ్లు తుడుచుకుని బయటికి వచ్చేసరికి ఆమెకి కోపం వచ్చేసింది.

"పెద్దాసుపత్రికి వెళ్దాం. రేపే."

"ఎందుకు? నాకు తెల్సిన దారే. మొదలు తెల్సు, సివర తెల్సు. మీ మావని ఇశాపట్నం తిప్పి తిప్పి తెప్ప పోనాది, వల పోనాది, ఆకరికి మనిషీ పోనాడు. మళ్లీ సిరంజీవి సేత అదే సేయించాలా?"

"నీకు ఒక్క దారే తెలుసు అత్తా. ఇప్పుడే కామమ్మత్త ఎన్ని చెప్పింది? అవన్నీ అబద్ధాలా? కాళ్లు వాయడానికి మామయ్యకి వచ్చిందే రావాలని ఏముంది?"

"నా ఊరు అది."

"ఊరు నీదే. కాళ్లు మాత్రం ఇక్కడివి. ఇన్నేళ్లుగా ఇక్కడి నీళ్లే తాగుతున్నావు."

 కాళమ్మని మాటలతో కదపలేమని గౌతమికి తెలుసు. అందుకని బేరం పెట్టింది. బేరం పెట్టడం కూడా ఈ మధ్య అత్తగారి దగ్గర నేర్చుకున్నదే.

"ఠీక్ హై. నువ్వు ఆసుపత్రికి రాకపోతే రేపటి నుంచి నేను జెట్టీకి రాను. బల్ల ఎవరికైనా ఇచ్చెయ్యి. నేను మా నాన్న కొట్లో పెన్నులు అమ్ముకుంటా."

కాళమ్మ కోడలి ముఖంలోకి చూసింది. వేలంలో కొత్తవాడు ధర పెంచితే వాడు నిజంగా కొంటాడా, ఊరికే అంటున్నాడా అని చూసే చూపు అది. గౌతమి కళ్లు తిప్పుకోలేదు.

"ఎల్దాం," అంది కాళమ్మ.

*

మర్నాడు చిరంజీవి ఇంట్లోనే ఉన్నాడు. బోటు సాయంత్రం బయల్దేరాలి. తల్లి కాళ్ల సంగతి గౌతమి చెప్పగానే అతను చొక్కా తగిలించుకున్నాడు.  ఆటో మాట్లాడుకొచ్చి ఇద్దర్నీ ఎక్కించి, వెనక తన బండి మీద వచ్చాడు.

ఆసుపత్రిలో వాళ్లని చూసిన డాక్టరు పేరు గోపినాథ్. తాతలనాడు విజయనగరం నుంచి వచ్చిన కుటుంబం. తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి జారిపోయి మళ్లీ తెలుగులోకి వస్తాడు. తొందర లేని మనిషి. కాళమ్మ కాలి మీద బొటనవేలితో నొక్కి పట్టుకుని, పడిన సొట్టను చూశాడు. రెండో కాలు కూడా చూశాడు. మంచం మీద పడుకోబెట్టి మెడ పక్కన నరం చూశాడు. కనురెప్పలు దించి చూశాడు. పొట్ట నొక్కాడు.

"పడుకుంటే ఊపిరి ఆడదా అమ్మా? రెండు తలగడలు కావాలా?"

"ఒక్కటీ ఒద్దు. సేయి తలకింద పెట్టుకుని పడుకుంటాను."

"మెట్లెక్కితే?"

"సేపల బుట్టతో ఎక్కుతాను. నిన్న కూడా ఎక్కినాను."

డాక్టరు నవ్వాడు. "పొద్దున్న లేచేసరికి ముఖం వాచి ఉంటుందా? కళ్ల కింద?"

"నేదు. పొద్దున్న కాళ్లు కూడా బాగానే ఉంటాయి. మజ్జానానికి మొదలవుద్ది."

"మూత్రంలో నురుగు వస్తుందా?"

ఆ ప్రశ్న దగ్గర కాళమ్మ ఆగింది. ఆ ప్రశ్న ఆమె ఇదివరకు విన్నది. విశాఖపట్నంలో, ఇంకో డాక్టరు, ఇంకో మనిషిని అడుగుతుంటే.

"మాది ఉద్దానం బాబూ," అంది. "మా ఆయన అదే జబ్బుతో పోనాడు. మీరు అడిగేది నాకు తెల్సు. దాసకుండా సెప్పీండి. నాను ఏడవను."

గోపినాథ్ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"దాచను. కానీ తెలియనిది చెప్పను. రెండు కాళ్లూ సమానంగా, నొప్పి లేకుండా వాచాయంటే ఒంట్లో చాలాచోట్ల వెతకాలి. ఒక్క కాలే వాచి నొప్పెడితే, నరంలో రక్తం గడ్డకట్టిందేమో అని ముందు భయపడేవాణ్ని. అది కాదు. గుండె వల్ల అయ్యుంటే పడుకుంటే ఆయాసం రావాలి, మెడ నరం ఉబ్బాలి. అలాగూ లేదు. కిడ్నీనా, లివరా, థైరాయిడా, పరీక్ష చేస్తే గానీ తెలియదు. మందులేమైనా వాడుతున్నారా?"

"బీపీ బిళ్ల ఒక్కటే."

"ఏది?"

కాళమ్మ బొడ్డు సంచిలోంచి సగం అయిపోయిన మాత్రల అట్ట తీసి ఇచ్చింది. డాక్టరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పెంచారా ఈ మధ్య?"

"వానలకి ముందు. బీపీ దిగటం నేదని పెద్ద బిళ్ల ఇచ్చినారు."

అతను ఆ మందు పేరు కాగితం మీద రాసుకున్నాడు. రక్తం, మూత్రం పరీక్షలు, గుండెకి స్కాన్ రాసిచ్చి, తలెత్తి అడిగాడు.

"ఆ ఊళ్లో పుట్టినవాళ్లు ఇంట్లో ఇంకెవరున్నారు?"

తలుపు దగ్గర నిలబడ్డ చిరంజీవి వైపు కాళమ్మ చూసింది.

"నాకేం కాలేదు సార్. చూడండి," అంటూ చిరంజీవి ప్యాంటు పైకి లాగి కాళ్లు చూపించాడు. ఎండకి కాలిన, ఎముకలు తేలిన గట్టి కాళ్లు. "బోటుకి డీజిల్ పట్టాలి. నేను వెళ్తా."

"ఒక్క గొట్టం రక్తం. రెండు నిమిషాలు."

"వచ్చాక ఇస్తా సార్."

"ఇచ్చి ఎల్లరా," అంది కాళమ్మ. గొంతు పెంచలేదు. చిరంజీవి భార్యవైపు చూసి, తల్లివైపు చూసి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. సూది గుచ్చేటప్పుడు గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం బోటుతో లిటిల్ అండమాన్ అవతలికి వెళ్లిపోయాడు. అక్కడ ఫోన్లు పనిచేయవు.

*

రిపోర్టులు రావడానికి పట్టిన ఆ రోజుల్లో కాళమ్మ పని మానలేదు.

గౌతమి ఇప్పుడు ఆమెని వేరే కళ్లతో చూస్తోంది. ఇదివరకు జెట్టీలో వాసన తెలిసేది, బురద తెలిసేది, తన చెప్పులకి అంటుకున్న పొలుసులు తెలిసేవి. ఇప్పుడు అత్తగారు తెలుస్తోంది. బోటు ఒడ్డుకి తగలకముందే, అది నీళ్లలో ఎంత దిగి ఉందో చూసి చేప ఎంత పడిందో చెప్పేస్తుంది. వేలంలో మగవాళ్లు అరుస్తుంటే ఆమె ఒక్కసారి చెయ్యెత్తుతుంది. ఆ చెయ్యి చూడగానే అరుపులు తగ్గుతాయి. బెంగాలీ వాళ్లు, తమిళులు, రాంచీ నుంచి వచ్చినవాళ్లు, అందరికీ ఆమె కాళమ్మ దీదీయే.

ఒక ఉదయం వీరన్న అనే అతని బోటు దారిలో ఇంజన్ ఆగిపోయి ఆలస్యంగా చేరింది. మంచు కరిగిపోయింది. వంజరం గట్టిగానే ఉంది గానీ సూర చేపలు మెత్తబడ్డాయి. కొనేవాళ్లు ముక్కు చిట్లించి అడ్డంగా తగ్గించి అడుగుతున్నారు. వీరన్న గట్టు మీద కూర్చుండిపోయాడు.

కాళమ్మ గౌతమి భుజం తట్టింది. "నువ్వు పాడు."

"నేనా?"

"నువ్వే. నాను పాడను. నాను ఈడే ఉంటాను."

 గౌతమి, సూర ఎండబెడితే ఎంత నిలుస్తుందో, వంజరం ఈ రోజు మార్కెట్లో ఎంత తక్కువ ఉందో మనసులో లెక్కవేసుకుని, రెండూ కలిపి ఒక ధర చెప్పింది. అది వీరన్నకి నష్టం లేని ధర. తమకూ నష్టం లేదు. మిగతావాళ్లు తిరిగి చూశారు. ఎవరూ పైకి పాడలేదు.

బల్ల దగ్గరకి వచ్చాక కాళమ్మ మెచ్చుకుంటుందని గౌతమి అనుకుంది. కాళమ్మ చేపల్ని రెండు కుప్పలు చేస్తూ, "మెత్తబడిందాన్ని మెత్తబడిందని సెప్పి అమ్ము," అని మాత్రం అంది. కాసేపాగి, "బాగా పాడినావు," అంది. మొహం ఎత్తకుండానే అంది. గౌతమికి ఆ రోజంతా కడుపు నిండినట్టుగా ఉంది. మధ్యాహ్నానికి అత్తగారి కాళ్లు మళ్లీ వాచాయి. గౌతమి మంచు పెట్టె బోర్లించి, "కూర్చో," అంది. ఎప్పుడూ కూర్చోని మనిషి ఆ రోజు కూర్చుంది. కాళ్లు ఇంకో పెట్టె మీద పెట్టుకుని, కోడలు చేపలు అమ్ముతుంటే చూసింది.

*

రిపోర్టుల రోజున డాక్టర్ గోపినాథ్ వాళ్లని చూడగానే ముందు కాళమ్మతోనే మాట్లాడాడు.

"అమ్మా, మీ కిడ్నీలు బాగున్నాయి. లివర్ బాగుంది. గుండె నాకంటే బాగుంది. థైరాయిడ్ లేదు. మూత్రంలో పోకూడనిది ఏదీ పోవడం లేదు."

కాళమ్మ చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తింది. "మరి కాళ్లు?"

"మీ బీపీ బిళ్ల. ఆ బిళ్ల రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, అలా బీపీ దించుతుంది. కొంతమందిలో, డోసు పెంచినప్పుడు ఇంకా ఎక్కువగా, ఆ నాళాల్లోంచి నీరు ఊరి చీలమండల దగ్గర చేరుతుంది. పగలంతా నిలబడే పని మీది, ఆ నీరు కిందికే దిగుతుంది. పడుకుంటే పోతుంది. ఇచ్చినవాళ్ల తప్పు కాదు, మంచి మందే, మీ కాళ్లకి పడలేదు. వేరేది రాస్తాను. కానీ మీ అంతట మీరు ఏదీ మానెయ్యకండి. బీపీ పెరిగితే ఆ మంచి కిడ్నీలే పాడవుతాయి. కొత్తది మొదలుపెట్టాక మళ్లీ రక్తం చూద్దాం. ఉప్పుచేప కొంచెం తగ్గించండి."

గౌతమి అత్తగారి చెయ్యి పట్టుకుంది.  కాళమ్మ కళ్లు గోడ మీద ఎక్కడో ఉన్నాయి. ఇన్ని నెలలు చావుకి సర్దుకున్న మనిషికి, బతుకు ఉందని చెబితే వెంటనే ఏం చెయ్యాలో తోచలేదు.

"అయితే నానింకా ఉంటాను," అంది చివరికి.

"చాలా ఏళ్లు ఉంటారు."

"అనవసరంగా ఈ పిల్లకి యాలం నేర్పీసినాను," అంది కాళమ్మ. అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు అద్దుకుంది. "నాను బయట టీకొట్లో సాయ్ సెప్తాను. మీకూ పంపుతాను బాబూ." లేచి బయటికి వెళ్లింది. ఆ నడకలో వాచిన కాళ్ల బరువు లేదు.

గౌతమి కూడా లేవబోయింది.

"ఒక్క నిమిషం కూర్చోమ్మా," అన్నాడు డాక్టరు.

గౌతమి కూర్చుంది. అతను తలుపువైపు చూసి, గొంతు తగ్గించాడు.

"మీ ఆయనకే చెప్పాల్సిన మాట ఇది. ఫోను చేశాను, కలవడం లేదు. ఎప్పుడొస్తారు?"

"ఇంకో వారం పట్టొచ్చు. ఏమైంది?"

"రక్తంలో క్రియాటినిన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. కిడ్నీలు చెయ్యాల్సినంత పని చెయ్యడం లేదని అర్థం. ఒక్క రిపోర్టుతో నేను తేల్చను. మళ్లీ చూడాలి, స్కాన్ చెయ్యాలి."

"ఆయన కాళ్లు వాయలేదు కదా డాక్టర్‌గారూ. మీరే చూశారు."

"అదేనమ్మా. ఆ ప్రాంతపు జబ్బులో చాలామందికి బాగా ముదిరితే తప్ప కాళ్లు వాయవు. నొప్పి ఉండదు, వాపు ఉండదు. అందుకే ఊరి పేరు వినగానే రక్తం అడిగాను. నొప్పి మాత్రలు వాడతారా?"

గౌతమికి భర్త బోటు సంచి కళ్ల ముందు మెదిలింది. ఇంజన్ దగ్గర వంగి వంగి నడుం పట్టేస్తుందని రోజూ మింగే మాత్రలు. ఆమె తలూపింది.

"ముందు అవి ఆపాలి. వచ్చిన రోజే తీసుకురండి."

గౌతమి బయటికి వచ్చేసరికి కాళమ్మ రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని వరండాలో నిలబడి ఉంది. కోడల్ని చూసింది. గౌతమి నవ్వడానికి ప్రయత్నించింది. చేప మెత్తబడిందో లేదో దూరం నుంచే చెప్పగల మనిషి ముందు ఆ నవ్వు నిలవలేదు.

కాళమ్మ గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టింది.

"ఆడిదా?"

గౌతమి తలూపింది.

కాళమ్మ కూలబడలేదు. అరవలేదు. కిటికీ చువ్వ పట్టుకుని కాసేపు నిలబడింది. ఆ కాసేపట్లో ఆమె ఎక్కడెక్కడ తిరిగివచ్చిందో గౌతమికి తెలియదు. విశాఖపట్నం వార్డుల్లోకి వెళ్లివచ్చిందేమో. తర్వాత కొంగు నడుంలో దోపుకుని, తిన్నగా డాక్టరు గదిలోకి నడిచింది. గౌతమి వెనకే పరిగెత్తింది.

"బాబూ, నాకు సెప్పీండి. ఎంత పోనాది?"

గోపినాథ్ గౌతమి వైపు చూశాడు, తర్వాత దాచలేదు. "సగం దాకా తగ్గి ఉండొచ్చు. మళ్లీ చూస్తే గానీ గట్టిగా చెప్పలేను."

"డయాలసిస్ కావాలా?"

"ఇప్పుడు కాదు. జాగ్రత్తపడితే చాలా ఏళ్లు రాకపోవచ్చు. బీపీ చూసుకోవాలి, నొప్పి మాత్రలు ముట్టకూడదు, ఎండలో పని చేసేటప్పుడు నీళ్లు తాగాలి, మూడు నెలలకోసారి నా దగ్గరికి రావాలి. పోయింది తిరిగి రాదమ్మా. మిగిలింది మాత్రం కాపాడుకోవచ్చు."

కాళమ్మ ఆ మాటని మెల్లిగా లోపలికి తీసుకుంది.

"ఈళ్ల నాన్నకి తెల్సీసరికి ఏటీ మిగల్నేదు," అంది. "ఈడికి సగం ఉండగా తెల్సినాది. మరి ఇది మంచే కదా బాబూ?"

డాక్టరు కలం కింద పెట్టి ఆమె వైపు చూశాడు. రోజూ ఎందరికో చెడు కబుర్లు చెప్పే మనిషి. ఆ కబుర్లో దొరికిన కాస్త మంచిని ఇంత త్వరగా ఏరుకున్నవాళ్లని అతను ఎక్కువమందిని చూసి ఉండడు.

"మంచేనమ్మా," అన్నాడు. "ముందే తెలియడం చాలా మంచి."

"అయితే నాను ఉండాల. నాకు ఆ కొత్త బిళ్ల రాసీండి. నాను ఉంటేనే ఆణ్ని కూకోబెట్టగలను. నా మాటైతే ఇంటాడు."

ఆసుపత్రి గేటు దాటి ఆటో కోసం నిలబడ్డప్పుడు వాన సన్నగా మొదలైంది. కాళమ్మ అప్పుడే లెక్కలు వేస్తోంది. బోటు పని మాన్పించాలి. ఒడ్డు మీద పని చూడాలి. బల్ల గౌతమి చూసుకుంటుంది, తను పక్కనుంటుంది, చిరంజీవి ఐస్ ప్లాంటులో చేరొచ్చు. గౌతమి వింటూ తలూపుతోంది. ఆ మాటలు వింటుంటే ఆమెకి ధైర్యం వస్తోంది. ఈ మనిషి పక్కనుంటే దేన్నైనా మోయొచ్చనిపిస్తోంది.

అంతలో గౌతమి ఫోన్ మోగింది. తెరమీద చిరంజీవి పేరు.

"హట్ బే వచ్చాం, లిటిల్ అండమాన్ రేవుకి," అన్నాడు. గాలికి గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. "గాలి ఎక్కువగా ఉందని ఒడ్డుకి పట్టాం. అమ్మ రిపోర్టు వచ్చిందా?"

కాళమ్మ సైగ చేసింది. గౌతమి స్పీకర్ నొక్కి ఫోను ఇద్దరి మధ్యా పట్టుకుంది.

"వచ్చింది. అత్తకి ఏమీ లేదు. బీపీ బిళ్ల వల్లే వాచాయట. కిడ్నీలు బాగున్నాయి."

 అటువైపు పెద్ద ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. అతను ఏడుస్తున్నాడేమో అనుకుంది గౌతమి. తన సంగతి ఫోనులో చెప్పాలా, వచ్చాక చెప్పాలా అని అత్తగారి ముఖంలోకి చూసింది. కాళమ్మ నోరు తెరవబోయింది.

చిరంజీవే ముందు మాట్లాడాడు. మామూలుగా, అలవాటైన సంగతి అడిగినట్టు అడిగాడు.

"మరి నాది? క్రియాటినిన్ ఈసారి ఎంతొచ్చింది?"